సర్టిఫికెట్ వచ్చేదాకా చదువు ఆగాలా?

మోకాలు నొప్పిగా ఉందని పిల్లలు చెబితే ఇంట్లో మనం అనే మాట దాదాపు ఒకటే: "ఆడుకుంటూ ఎక్కడో తగిలించుకుని ఉంటావ్." చాలాసార్లు అది నిజమే. స్ప్రే కొడతాం, నీక్యాప్ కొంటాం, రెండు రోజులు ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టమని డైరీలో రాసి పంపుతాం. వారం తిరిగేసరికి తగ్గిపోతుంది.

చాలా అరుదుగా మాత్రం తగ్గదు. రాత్రి నిద్రలోంచి లేపుతుంది. మోకాలికి కాస్త పైనో కిందో గట్టిగా వాపు కనిపిస్తుంది. దెబ్బ తగిలిన గుర్తు కూడా ఉండదు. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ఎంఆర్ఐ రాస్తారు, ఆ తర్వాత బయాప్సీ అంటారు. అప్పుడు ఆ ఇల్లు మొదటిసారి వినే పేరు ఆస్టియోసార్కోమా.

ఎముకలో పుట్టే క్యాన్సర్లలో పిల్లలకు, టీనేజర్లకు ఎక్కువగా వచ్చేది ఇదే. ఎముకలు వేగంగా పెరిగే 10 నుంచి 20 ఏళ్ల మధ్య వయసులో ఎక్కువగా బయటపడుతుంది. తొడ ఎముక కింది చివర, మోకాలి కింది పెద్ద ఎముక పై చివర, భుజం దగ్గర చేతి ఎముక దీనికి ఎక్కువగా గురయ్యే చోట్లు. దూకుడుగా పెరుగుతుంది. పాకితే ముందుగా ఊపిరితిత్తులకే పాకుతుంది. ప్రతి నొప్పికీ భయపడాల్సిన పని లేదు, ఇది అరుదైన జబ్బే. కానీ ఇది వచ్చే వయసు సరిగ్గా మన పిల్లలు స్కూల్లో ఉండే వయసు.

వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నేను ఇక్కడ మాట్లాడాలనుకున్నది వేరే విషయం. ఈ జబ్బు వచ్చిన పిల్లవాడికి వైకల్యం ఉందని ఎప్పుడు, ఎలా లెక్కగడతారు? ఆ లెక్క తేలేలోగా స్కూలు ఏం చేయాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. మన దగ్గర ఆ లెక్క ఆలస్యంగా వస్తుంది, వచ్చినా సగమే చెబుతుంది. అందుకే సర్టిఫికెట్ కోసం స్కూలు ఎదురుచూడకూడదు.

ఆ ఏడాది ఎలా గడుస్తుంది

తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయిని ఊహించుకుందాం. ఆగస్టులో జబ్బు తేలింది. సాధారణంగా ముందు పది వారాల పాటు కీమోథెరపీ, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ కొన్ని నెలలు కీమో. అన్నీ కలిపి ఇంచుమించు ఒక విద్యా సంవత్సరం. ఒక్కో విడతకు కొన్ని రోజులు ఆస్పత్రిలోనే ఉండాలి. ఇంటికొచ్చాక తెల్ల రక్తకణాలు పడిపోతాయి. కాస్త జ్వరం వచ్చినా పరుగున ఆస్పత్రికి వెళ్లాలి. నలభై మంది ఉన్న క్లాసులో కూర్చోవద్దని డాక్టర్లే చెబుతారు. గడ్డ ఉన్న ఎముక పెళుసుగా ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందే చంకకర్రలో, వీల్‌చైరో అవసరం పడొచ్చు.

జబ్బు పాకక ముందే వైద్యం మొదలైతే చాలామంది పిల్లలు కోలుకుంటారు. అంటే వాళ్లు తిరిగి మన క్లాసులకే వస్తారు. టెన్త్ రాస్తారు, ఇంటర్ చదువుతారు. అందుకే ఈ ఏడాదిని స్కూలు ఎలా నడుపుతుందన్నది చిన్న విషయం కాదు.

మన దగ్గర లెక్క ఎలా ఉంటుంది

మన దేశంలో దీనికి ఆధారం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. అందులో 21 రకాల వైకల్యాలను పేర్కొన్నారు. చూపు, వినికిడి, కదలిక లోపాలు ఉన్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులూ ఉన్నాయి. క్యాన్సర్ లేదు. కాబట్టి ఆస్టియోసార్కోమా వచ్చిందన్న కారణంతో ఎవరికీ సర్టిఫికెట్ రాదు. ఆ జబ్బు వల్ల కాలో చెయ్యో ఎంత దెబ్బతిన్నదో, ఆ మేరకు కదలిక లోపం కింద వస్తుంది.

మన రెండు రాష్ట్రాల్లో దీన్ని సదరం సర్టిఫికెట్ అని పిలవడం అందరికీ అలవాటు. దేశమంతటికీ కలిపి యూడీఐడీ కార్డు ఉంది. మెడికల్ బోర్డు పరీక్షించి శాతం వేస్తుంది. కనీసం 40 శాతం ఉంటేనే ఎక్కువ ప్రయోజనాలు దక్కుతాయి. వైద్యం పూర్తయి పరిస్థితి ఒక కొలిక్కి వచ్చాక మిగిలిన లోపాన్ని కొలవడం ఇక్కడి పద్ధతి. శాతం మారే అవకాశం ఉంటే గడువు పెట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది. అయితే అది కూడా ఆ 21 రకాల్లో పడే లోపానికే.

ఆ ప్రయోజనాలు తక్కువేమీ కాదు. అర్హత ఉన్న పేద కుటుంబాలకు నెలనెలా పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి అది 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 జులై నుంచి 4,016 రూపాయలు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. పరీక్షలో అవసరమైనవారికి గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఉంటుంది. ఐఐటీ ఫౌండేషన్ చదివించే మనలాంటి తల్లిదండ్రులకు వీటి విలువ వివరించనక్కర్లేదు.

ఇప్పుడు మన అబ్బాయి సంగతి చూద్దాం. ఆపరేషన్‌లో మోకాలి పైదాకా కాలు తీసేయాల్సి వస్తే శాతం 40 కన్నా చాలా ఎక్కువే వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ నేడు చాలామంది పిల్లలకు గడ్డ ఉన్న ఎముక వరకే తీసి, దాని స్థానంలో లోహపు కీలు అమర్చి, కాలిని కాపాడుతున్నారు. అప్పుడు కీలు ఎంత వంగుతోంది, కండరంలో ఎంత బలం ఉంది, నిలబడగలుగుతున్నాడా అని కొలిచి శాతం వేస్తారు. అది 40కి అటూ కావచ్చు, ఇటూ కావచ్చు. చూడటానికి రెండు కాళ్లూ ఉంటాయి. కానీ ఆ కాలితో పరిగెత్తకూడదు, దూకకూడదు. ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. ఎదిగే వయసు కాబట్టి మళ్లీ ఆపరేషన్లు కూడా పడొచ్చు. 38 శాతం అని వచ్చినంత మాత్రాన ఆ పిల్లవాడు మూడంతస్తుల మెట్లు తేలిగ్గా ఎక్కేస్తాడా?

టెర్రీ ఫాక్స్ చెప్పే పాఠం

ఈ పేరు మన పిల్లల్లో కొందరికి తెలిసే ఉంటుంది. కెనడా కుర్రాడు. 1977లో, 18 ఏళ్ల వయసులో, ఆస్టియోసార్కోమా వల్ల కుడికాలిని మోకాలి పైనుంచి తీసేశారు. 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో దేశానికి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడు, క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. సెప్టెంబరు 1న ఆగిపోయాడు. కాలు నొప్పి వల్ల కాదు, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడం వల్ల. 1981 జూన్‌లో, 22 ఏళ్లకే చనిపోయాడు.

అతని స్ఫూర్తి గురించి చాలామంది రాశారు. నేను చూడమనేది ఇంకో కోణం. అవయవాన్ని కొలిచే మన పద్ధతిలో టెర్రీ ఫాక్స్‌కు లేని కాలికి శాతం వచ్చేది. ఊపిరితిత్తుల్లోకి పాకిన గడ్డలకు ఒక్క శాతం కూడా కలిసేది కాదు. అతన్ని ఆపింది, చివరికి బలి తీసుకున్నది మాత్రం ఆ గడ్డలే. మన లెక్క తప్పని కాదు, అది చేసే పని వేరు. జబ్బు వదిలి వెళ్లిన లోపాన్ని అది కొలుస్తుంది. జబ్బు నడుస్తున్న రోజులను కొలవదు.

వేరే దేశంలో వేరే లెక్క

ఇది ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు. మనలో చాలామంది బంధువులు ఉన్న అమెరికాలో సోషల్ సెక్యూరిటీ విభాగం మరోలా లెక్కిస్తుంది. అక్కడ పిల్లలకు ఇలాంటి ప్రాణాంతక గడ్డ తేలితే, తేలిన రోజు నుంచి 24 నెలల పాటు వైకల్యం ఉన్నట్టే పరిగణిస్తారు. కాలు ఎంత వంగుతోందని అప్పుడే అడగరు. ఆ 24 నెలలు గడిచాక మాత్రం మిగిలిన లోపాన్ని చూసి కొలుస్తారు. జబ్బు తిరగబెడితే మళ్లీ 24 నెలలు. పెద్దవాళ్లకు ఎముకలో పుట్టిన క్యాన్సర్‌కు రెండు మూడు రకాల వైద్యం కలిపి చేయాల్సి వస్తే 12 నెలలు. ఇక ఎముక క్యాన్సర్ దూరంగా పాకినా, ఆపరేషన్‌కు లొంగనిదైనా దరఖాస్తును వరుసలో నిలబెట్టకుండా ముందుకు తీసుకునే ప్రత్యేక జాబితా ఒకటి 2008 నుంచి ఉంది.

అక్కడంతా బాగుందని నేను అనడం లేదు. పిల్లలకిచ్చే ఆ సాయానికి కుటుంబ ఆదాయ పరిమితి, పౌరసత్వ నిబంధనలు ఉన్నాయి. వీసా మీద ఉద్యోగం చేసే మన కుటుంబాలకు అది వర్తించదు. నేను తీసుకోమనేది ఆ ఆలోచన మాత్రమే: దూకుడు జబ్బు విషయంలో మొదట కాలాన్ని లెక్కపెట్టు, అవయవాన్ని తర్వాత లెక్కపెట్టు. చట్టం మార్చడం మన చేతుల్లో లేదు. మన స్కూలు నిబంధన మార్చడం మాత్రం మన చేతుల్లో ఉంది.

ఏ శాతంలోనూ కనపడని నష్టం

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందుల్లో సిస్‌ప్లాటిన్ ఒకటి. కొందరు పిల్లల్లో అది వినికిడిని దెబ్బతీస్తుంది, అదీ సన్నని, పై స్థాయి శబ్దాలను ముందుగా. చట్టం ప్రకారం వినికిడి లోపం అనాలంటే మాట్లాడే స్థాయి శబ్దాల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. ఈ పిల్లలు చాలామంది ఆ గీత దాకా రారు. పిలిస్తే పలుకుతారు. కానీ ఫ్యాన్లు తిరిగే క్లాసులో, టీచర్ బోర్డు వైపు తిరిగి చెబుతుంటే స, శ, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. డిక్టేషన్‌లో తప్పులు వస్తాయి. మనం శ్రద్ధ లేదనుకుంటాం. ముందు బెంచీలో కూర్చోబెడితే సగం సమస్య తీరుతుంది. దానికి ఏ బోర్డు సంతకమూ అక్కర్లేదు.

మరో మందు, డాక్సోరుబిసిన్, గుండె కండరం మీద ప్రభావం చూపొచ్చు. అందుకే కొన్నేళ్ల పాటు ఎకో పరీక్షలు ఉంటాయి, ఆ రోజుల్లో సెలవు కావాలి. ఇక గడ్డ కుడి భుజం దగ్గర వచ్చిన పిల్లవాడు పెన్ను పట్టగలడు, కానీ మూడు గంటలు ఆపకుండా రాయలేకపోవచ్చు.

చట్టం స్కూలును ఆగమనలేదు

"సర్టిఫికెట్ లేకుండా మేమేం చేయగలం?" అనే ప్రశ్న స్కూళ్ల నుంచి సహజంగానే వస్తుంది. నిజానికి చేయగలిగింది చాలా ఉంది. దివ్యాంగుల చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లనే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన స్కూళ్లను కూడా కలుపుతుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయడం గురించి చెబుతుంది. 40 శాతం అన్న గీత అక్కడ లేదు.

2021లో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. చేతిరాత సమస్య ఉన్న అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం కుదరదని చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం కన్నా తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం మార్గదర్శకాలు ఇచ్చింది.

హాజరు విషయంలో సీబీఎస్ఈ నిబంధనలే దారి చూపుతాయి. పది, పన్నెండు తరగతులకు 75 శాతం హాజరు కావాలి. 60 శాతం కన్నా తగ్గితే అసాధారణ పరిస్థితుల్లోనే మినహాయింపు పరిశీలిస్తారు. అక్కడ ఉదాహరణగా చెప్పిన తీవ్రమైన జబ్బుల్లో క్యాన్సర్ పేరు ఉంది. అడిగింది వైద్య పత్రాలు, వైకల్య శాతం కాదు. కానీ ఆ దరఖాస్తు స్కూలు ద్వారానే బోర్డుకు వెళ్లాలి. స్కూలు కదలకపోతే నిబంధన ఉండీ లేనట్టే.

మన స్కూలును నేను కోరేది

యాజమాన్యం ముందు ఒక్క నిబంధన పెడుతున్నాను. క్యాన్సర్ లాంటి తీవ్రమైన జబ్బు తేలిందని వైద్యం చేస్తున్న డాక్టర్ లెటర్ ఇస్తే, ఆ తేదీ నుంచి రెండు విద్యా సంవత్సరాల పాటు ఆ విద్యార్థికి అవసరమైన సర్దుబాట్లన్నీ ఆ లెటర్ మీదే ఇవ్వాలి. సదరం కార్డు వస్తే మంచిదే, రాకపోయినా ఆగొద్దు.

ఆచరణలో అది ఇలా ఉంటుంది:

ఆ విద్యార్థి చదివే సెక్షన్‌ను గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చాలి. అతనొక్కడినీ వేరే గదిలో కూర్చోబెట్టడం కాదు, క్లాసు మొత్తం కిందికి రావాలి.

రాయని యూనిట్ టెస్టులకు సున్నా వేయకూడదు. ర్యాంకు లెక్కలోంచి ఆ టెస్టులను తీసేయాలి. ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చేటప్పుడు ఆ ఏడాది అతన్ని పాత స్నేహితుల సెక్షన్‌లోనే ఉంచాలి.

ఇంటి దగ్గర ఉన్న నెలలకు బస్సు, మెస్ ఫీజు తీసుకోకూడదు. ట్యూషన్ ఫీజుకు వాయిదాలు ఇవ్వాలి. కట్టలేదని ఆన్‌లైన్ క్లాసు లింకు ఆపేయకూడదు.

ఎక్కువ రోజులు రాలేదని టీసీ తీసుకోమని సూచించకూడదు. ఏడాది మళ్లీ చదవాలా వద్దా అన్నది కుటుంబం, డాక్టర్, క్లాస్ టీచర్ కలిసి తేల్చాలి.

ఒక టీచర్‌ను బాధ్యురాలిగా పెట్టాలి. ఆ తల్లి ఆస్పత్రి వరండాలోంచి ప్రిన్సిపాల్ ఆఫీసుకు, అకౌంట్స్‌కు, ట్రాన్స్‌పోర్ట్‌కు విడివిడిగా ఫోన్లు చేసే పరిస్థితి రాకూడదు.

ఇందులో ఖర్చు పెద్దగా లేదు. ఒక క్లాసు గది మార్పు, కొన్ని మార్కుల సర్దుబాటు, కొన్ని నెలల బస్సు ఫీజు, అంతే.

ఒక అభ్యంతరాన్ని ఊహించగలను. "ఒకరికి లెటర్ మీద ఇస్తే రేపు అందరూ లెటర్లు తెస్తారు, కష్టపడే మా పిల్లలకు అన్యాయం జరుగుతుంది." ర్యాంకుల విషయంలో మనమంతా సున్నితంగానే ఉంటాం కాబట్టి ఈ మాటను కొట్టిపారేయను. అయితే బయాప్సీ రిపోర్టు జ్వరం లెటర్ లాంటిది కాదు, దొంగగా తెచ్చేది కాదు. నిబంధనలోనే రిపోర్టు, చికిత్స చార్టు జతచేయాలని రాస్తే సరిపోతుంది. ఇక అదనపు సమయం మార్కులు కలపదు. చెయ్యి నొప్పి వల్ల రాయలేకపోయిన జవాబును రాసుకునే వీలు ఇస్తుంది, అంతే.

తల్లిదండ్రులుగా మనం చేయాల్సింది

ఇలాంటి పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. వస్తే కాగితాలు మొదటి రోజు నుంచే ఒక ఫైల్లో పెట్టండి: బయాప్సీ రిపోర్టు, ప్రతి డిశ్చార్జ్ సమ్మరీ, కీమో చార్టు, ఆపరేషన్ నోట్స్. కీమోకు ముందు ఒకటి, తర్వాత ఒకటి ఆడియోగ్రామ్ అడిగి తీసుకోండి. తేడా తెలిసేది ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టినప్పుడే. మెడికల్ బోర్డు ముందుకు వెళ్లినప్పుడు కాలు ఎంత వంగుతోందన్నదే కాకుండా, ఎన్ని మెట్లు ఎక్కగలడు, ఎంతసేపు నిలబడగలడు అన్నది కూడా డాక్టర్ చేత రాయించండి.

పన్ను విషయంలో జబ్బు, వైకల్యం రెండూ వేర్వేరు పద్దులని గుర్తుంచుకోండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి, క్యాన్సర్ వైద్యం ఖర్చుకు 80డీడీబీ కింద పిల్లల విషయంలో 40,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. వైకల్య సర్టిఫికెట్ అడిగేది 80డీడీ. అందులో 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000. మొదటిదానికి స్పెషలిస్ట్ డాక్టర్ ప్రిస్క్రిప్షన్ చాలు. శాతం తేలలేదని రెండూ వదులుకోకండి. రైళ్లలో వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగులకు వేరే రాయితీ ఉంది, దానికీ వైకల్య సర్టిఫికెట్ అవసరం లేదు.

మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. జుట్టు రాలిపోయి, మాస్కు పెట్టుకుని, చంకకర్రలతో ఒక పిల్లవాడు క్లాసుకు తిరిగొస్తే మన పిల్లలు మనల్ని అడిగే మొదటి ప్రశ్న, "అది నాకూ అంటుకుంటుందా?" అని. అంటుకోదని స్పష్టంగా చెప్పండి. నిజానికి జాగ్రత్తపడాల్సింది మనమే. మన పిల్లలకు జలుబు, జ్వరం ఉన్న రోజు టెస్టు పోయినా సరే ఇంట్లోనే ఉంచాలి. ఆ జలుబు అతన్ని ఆస్పత్రిలో పడేయగలదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు మీద సంతకం పెట్టాక ప్రిన్సిపాల్ గారిని ఒక్క ప్రశ్న అడుగుదాం: "మన స్కూల్లో ఏ పిల్లవాడికైనా రేపు పెద్ద జబ్బు తేలితే, మనం మొదటి రోజు ఏం చేస్తాం?" జవాబు రాతపూర్వకంగా, వచ్చే నెల ఈ పేజీల్లోనే రావాలని కోరుతున్నాను.